కట్ట దాటక ముందు

ఆయన గుడివాడలో ఏళ్ళ తరబడి జంతుశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్. ఆమె ఆయన అన్నగారి కూతురు, బందరులో పేతాలజిస్టు. ఇద్దరి సొంతూరూ దివిసీమలో, నాగాయలంకకి దగ్గర. ఈమధ్య విజయవాడలో కొలనోస్కోపీ చేస్తే ఆయన పెద్దపేగులో 12 మిల్లీమీటర్ల పాలిప్ కనపడింది. వైరు ఉచ్చు వేసి అప్పుడే తీసేశారు. ముక్క పరీక్షలో ‘ట్యూబులోవిల్లస్ అడినోమా, లో గ్రేడ్ డిస్‌ప్లేసియా’ అని వచ్చింది. మూడేళ్ళకి మళ్ళీ చూపించుకోమన్నారు. ఆయన చూపించుకోనంటారు. భయపడి కాదు, తాను చదివిన శాస్త్రం అలా చెబుతోందని. ఆమె చదివిందీ అదే శాస్త్రం. అందుకే ఆ వాదనని ఇక్కడ పెడుతున్నాను. పేర్లు వాళ్ళు వద్దన్నారు.

బాబాయి: అడినోమాల్లో నూటికి తొంభైకి పైగా ఎప్పటికీ క్యాన్సర్ కావని మీ పుస్తకాల్లోనే ఉంది. నాది తీసేశారు కూడా. క్యాన్సర్ లేదని రిపోర్టు చదివి నువ్వే చెప్పావు. మళ్ళీ ఆ విరేచనాల మందు లీటర్లకి లీటర్లు తాగి, మత్తు ఇప్పించుకుని గొట్టం వేయించుకోవడం దేనికమ్మాయ్?

అమ్మాయి: ఆ తొంభైలో రెండు మిల్లీమీటర్లవీ మూడు మిల్లీమీటర్లవీ ఎక్కువ బాబాయ్. నీది సెంటీమీటరు దాటింది. పైగా విల్లస్ భాగం, అంటే వేళ్ళలా సాగిన భాగం ఉంది. ఈ రెండూ ఉన్నవాళ్ళకి పేగులో ఇంకోచోట కొత్తది లేచే అవకాశం ఎక్కువ. మూడేళ్ళన్నది అందుకే. నీ పారఫిన్ బ్లాకు తెప్పించుకుని స్లైడు నేను మళ్ళీ చూశాను.

బాబాయి: ఏం కనపడింది?

అమ్మాయి: మామూలు పేగు పొరలో సన్నటి గొట్టాల్లాంటి గుంటలు పక్కపక్కనే నిలబడి ఉంటాయి కదా, క్రిప్టులు. ఒక్కోదాని అడుగున కాసిని మూలకణాలు. అక్కడ పుట్టిన కణాలు పైకి జరుగుతూ కొన్ని జిగురు చేసేవిగా, కొన్ని నీరు పీల్చేవిగా తయారై, నాలుగైదు రోజుల్లో పై అంచుకి చేరి రాలిపోతాయి. విభజన అంతా అడుగు భాగంలోనే. పైన ఉండదు. నీ స్లైడులో పై అంచున కూడా కణాలు విభజన చెందుతున్నాయి. కేంద్రకాలు కోలగా సాగి, ముదురు ఊదారంగు పట్టి, ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి. జిగురు కణాలు బాగా తగ్గిపోయాయి. పైకి చేరిన కణం తానింకా అడుగునే ఉన్నాననుకుంటోంది.

బాబాయి: ఏపీసీ జన్యువు పోయిందన్నమాట.

అమ్మాయి: చాలా అడినోమాల్లో మొదట పోయేది అదే. 5వ క్రోమోజోము మీద ఉంటుంది, 1991లో గుర్తించారు. కణంలో బీటా-కెటెనిన్ అనే ప్రోటీను కేంద్రకంలోకి చేరిందంటే కణం విభజనకి దిగుతుంది. క్రిప్టు అడుగున అలా చేరాలి కూడా, అక్కడ పక్క కణజాలం నుంచి వింట్ అనే సంకేతం అందుతుంది. పైకి పోయేకొద్దీ సంకేతం తగ్గిపోతుంది. అప్పుడు ఏపీసీ మరికొన్ని ప్రోటీన్లతో కలిసి బీటా-కెటెనిన్‌ని ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తుంది. తల్లి ఇచ్చిన ఏపీసీ, తండ్రి ఇచ్చిన ఏపీసీ రెండూ చెడితే నాశనం చేయించేది ఉండదు. సంకేతం రాకపోయినా వచ్చినట్టే కణం నడుచుకుంటుంది. రాలిపోవలసిన కణం రాలదు.

బాబాయి: ఇదంతా నేనూ చదివాను. ఇంకోటి కూడా చదివాను. 2019లో ఇంగ్లండులో శాంగర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, మామూలుగా ఉన్న పేగు పొరలోంచి ఒక్కొక్క క్రిప్టునే విడదీసి డీఎన్ఏ చదివారు. ఏడాదికి సుమారు నలభై మ్యుటేషన్ల చొప్పున పోగుపడుతున్నాయి. యాభై అరవై ఏళ్ళవాళ్ళలో నూటికి ఒక క్రిప్టులో క్యాన్సర్‌కి తోడ్పడే రకం మ్యుటేషన్ ఉంది. పెద్దపేగులో క్రిప్టులు కోటి దాకా ఉంటాయంటారు. అంటే నా కడుపులో లక్ష క్రిప్టులు చెడినవే. నా వయసువాళ్ళు ఎవరిని తీసుకున్నా అంతే. అందరికీ క్యాన్సర్ వచ్చిందా? మొదటి అడుగు ఇంత మామూలు సంగతైతే దాని వెంటపడడం ఏం శాస్త్రం?

అమ్మాయి: లెక్క బాగుంది. కానీ ఆ లక్షా ఎక్కడివక్కడ ఒంటరి క్రిప్టులు. ఒక్కోదాంట్లో మూలకణాలు కొన్నే. తర్వాతి దెబ్బ ఆ కొన్నిటిమీదే పడాలి. చాలాసార్లు పడదు. పక్కనున్న మంచి మూలకణమే పోటీలో నెగ్గి చెడినదాన్ని బయటికి నెట్టేయడమూ ఉంది. పాలిప్ సంగతి అది కాదు. అక్కడ చెడిన క్రిప్టు నిలువునా చీలి రెండైంది, ఆ రెండూ నాలుగయ్యాయి. 12 మిల్లీమీటర్లకి వచ్చేసరికి ఒక్క కణం సంతానం కోట్లకి చేరింది. డార్విన్‌ని ఇంతమందికి చెప్పినవాడివి, నీకు నేను చెప్పాలా? గుంపు పెద్దదైతే అరుదైన మార్పు కూడా ఎక్కడో ఒకచోట వచ్చి తీరుతుంది. దానివల్ల లాభముంటే ఆ సంతతే మిగతావాటిని మించిపోతుంది.

బాబాయి: పీటర్ నోవెల్ 1976లో రాసిందీ అదే. క్యాన్సర్ ఒక పరిణామం అని. ఒప్పుకుంటాను. కానీ పరిణామానికి గమ్యం ఉండదమ్మాయ్. మీరు గీసే బొమ్మలో ఏపీసీ, తర్వాత కేరాస్, ఆ తర్వాత స్మాడ్4, చివరికి పీ53 అని వరస పెడతారు. ఏ జీవీ అంత క్రమశిక్షణగా మారదు.

అమ్మాయి: ఆ బొమ్మకి మొదటి రూపం 1990లో ఫియరన్, వోగెల్‌స్టైన్ గీసింది. వరసకన్నా పోగుపడడమే ముఖ్యమని వాళ్ళు అప్పుడే రాశారు. బొమ్మని బట్టీపట్టినవాళ్ళు ఆ మాట వదిలేశారు. కేరాస్ చెడితే పెరగమన్న సందేశం రాకుండానే కణం పెరుగుతూ ఉంటుంది, పాలిప్ లావవుతుంది. స్మాడ్4 పోతే ఆగమని బయటినుంచి వచ్చే మాట లోపలికి చేరదు. పీ53 పోవడం అన్నిటికన్నా చెడ్డది. డీఎన్ఏ దెబ్బతిన్న కణాన్ని ఆపేది, అవసరమైతే చంపేది అదే. అది లేకపోతే క్రోమోజోములు ముక్కలై, ఒక పిల్లకణానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ చేరినా ఎవరూ అడ్డుపడరు. అప్పటిదాకా నెమ్మదిగా పోయిన మార్పులు అక్కడినుంచి గుంపులుగా వస్తాయి.

బాబాయి: అందరికీ ఇదే దారా?

అమ్మాయి: కాదు. రంపపు పళ్ళలాంటి అంచుతో బల్లపరుపుగా పెరిగే సెరేటెడ్ పాలిప్‌లు ఉన్నాయి. వాటిల్లో ఎక్కువగా చెడేది బీరాఫ్. కొన్నిట్లో డీఎన్ఏ తప్పులు దిద్దే ఎంఎల్‌హెచ్1 జన్యువు చెడకుండానే, దానిమీద మిథైల్ గుంపులు చేరి మూగబోతుంది. లించ్ సిండ్రోమ్ ఉన్న కుటుంబాల్లో దిద్దే జన్యువుల్లో ఒక ప్రతి పుట్టుకతోనే చెడి ఉంటుంది. మామూలు పాలిప్‌కి పదేళ్ళు పట్టే పని వాళ్ళకి ఒకటి రెండేళ్ళలో కావచ్చు. నీకు ఆ లక్షణాలేం లేవు.

పదేళ్ళు అన్న మాట మీద నేను కాసేపు ఆగాలి. చిన్న అడినోమా క్యాన్సర్‌గా మారడానికి, మారితే, సాధారణంగా పదేళ్ళో అంతకన్నా ఎక్కువో పడుతుంది. అంత తీరిక ఇచ్చే క్యాన్సర్లు తక్కువ. అంత తీరిక ఉండీ మన జిల్లాలో చాలామంది పేగు మూసుకుపోయాకో, కాలేయంలో గడ్డలు తేలాకో ఆస్పత్రికి చేరుతున్నారు. వీళ్ళిద్దరి తగువులో నన్ను పట్టుకున్నది ఇదే.

బాబాయి: సరే, ఇంత జరిగినా నాది క్యాన్సర్ కాదన్నారు. ఏ గీత దాటితే క్యాన్సర్ అంటారు? కణాల వికారం బట్టా?

అమ్మాయి: వికారం బట్టి కాదు. ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి. క్రిప్టుల కింద మస్క్యులారిస్ మ్యూకోసా అని పల్చటి కండర పొర ఉంటుంది. మన దివిసీమ కరకట్ట అనుకో. కట్టకి అవతల నీళ్ళు ఎంత ఎత్తున ఎంత బురదగా పోటెత్తినా ఇవతల ఊరికి ఏం కాదు. కట్ట దాటితే వేరే సంగతి, 1977 నవంబరు 19 నువ్వు చూసినవాడివే. పెద్దపేగులో ఆ కండర పొరకి పైన లింఫు నాళాలు లేనట్టే. అందుకని హై గ్రేడ్ డిస్‌ప్లేసియా అయినా, కణాలు ఎంత వికృతంగా ఉన్నా, పొర దాటనంతవరకూ ఎక్కడికీ పోలేవు. ఉచ్చుతో తీసేస్తే అక్కడితో సరి. పొరని కరిగించుకుని కిందికి దిగితే అక్కడ లింఫు నాళాలూ రక్తనాళాలూ సిద్ధంగా ఉంటాయి. పేగు రక్తం తిన్నగా కాలేయానికే పోతుంది. మేం స్లైడులో అన్నిటికన్నా ఎక్కువసేపు వెతికేది ఆ పొరనే.

బాబాయి: నాగాయలంకలో మీ పెద్దత్త ఏమందో తెలుసా? కత్తి తగిలితే రేగుతుంది, ఎందుకు కోయించుకున్నావురా అంది.

అమ్మాయి: కట్ట దాటాక వచ్చి, కోశాక కూడా బతకనివాళ్ళని చూసి ఆ మాట పుట్టింది. చంపింది కత్తి కాదు, ఆలస్యం. పాలిప్ దశలో తీస్తే ఏమవుతుందో అమెరికాలో నేషనల్ పాలిప్ స్టడీ వాళ్ళు చూశారు. 1,418 మంది. అడినోమాలు తీసేసి, ఏళ్ళ తరబడి కనిపెట్టి చూశారు. రావలసినన్ని క్యాన్సర్లు రాలేదు. పోల్చి చూసిన గుంపునిబట్టి నూటికి 76 నుంచి 90 దాకా తగ్గాయని 1993లో రాశారు. 2012లో మరణాలూ లెక్కగట్టారు, సగానికి సగం తగ్గాయి.

బాబాయి: అది అప్పటికే పాలిప్ ఉన్నవాళ్ళ మీద, పాత జనాభా లెక్కలతో పోల్చి చేసింది. చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి చేసిన పరీక్ష 2022లో వచ్చింది, నార్డిక్. పోలండు, నార్వే, స్వీడన్. 84,585 మంది. కొలనోస్కోపీకి రమ్మని పిలిచిన గుంపులో పదేళ్ళలో పదివేలకి 98 మందికి క్యాన్సర్, పిలవనివాళ్ళలో 120 మందికి. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఇంత గొట్టం వేసి ఇంతేనా?

అమ్మాయి: పిలిస్తే వచ్చింది నూటికి 42 మందే. రానివాళ్ళనీ కలిపిన లెక్క అది. పైగా పదేళ్ళు పట్టే జబ్బుకి పదేళ్ళకే మరణాలు లెక్కపెడితే తేడా ఎంత కనిపిస్తుంది?

బాబాయి: అక్కడే పిలిస్తే సగంమంది రాలేదు. ఇక్కడ ఎవరొస్తారు? మన దేశంలో ఈ క్యాన్సర్ ఏడాదికి లక్షకి పదిమందికి లోపే. అమెరికాలో అంతకి ఎన్నో రెట్లు. అక్కడ 45 దాటిన ప్రతివాడికీ పరీక్ష అంటారు. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంకల్లో 45 దాటినవాళ్ళందరికీ కొలనోస్కోపీ అంటే చేసేవాళ్ళెవరు, పెట్టేదెవరు? గొట్టం వేస్తే పేగుకి చిల్లు పడే ప్రమాదం అరుదే అయినా ఉంది. జబ్బు లేని వెయ్యిమందిని ఆ ప్రమాదంలోకి నెట్టడం నాకు ఇష్టం లేదు. ప్రభుత్వం ఇంటింటికీ వచ్చి చూసే క్యాన్సర్లు నోటిది, రొమ్ముది, గర్భాశయ ముఖద్వారానిది. పేగుది ఆ జాబితాలో లేదు. ఉన్న డబ్బుకి అదే సబబు.

ఇక్కడ నేను బాబాయి పక్షం. తక్కువగా వచ్చే జబ్బుకి ఖరీదైన పరీక్ష అందరికీ చేయాలనడం, ఇంకో జబ్బుకి అందాల్సిన మందు లాక్కోవడమే. అమ్మాయి కూడా అది కాదనలేదు.

అమ్మాయి: అందరికీ చేయాలని నేనెప్పుడూ అనలేదు బాబాయ్. నువ్వు అందరిలో ఒకడివి కాదు అంటున్నాను. పెద్ద అడినోమా ఒకటి వచ్చి ఉన్నవాడివి. లక్షకి పది అన్న లెక్క నీకు వర్తించదు. ఇంకో మాట. ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రికి ఈ క్యాన్సర్‌తో వచ్చినవాళ్ళ లెక్క తీస్తే సగటు వయసు యాభై లోపే తేలింది. మనవాళ్ళలో పురీషనాళంలో వచ్చేవి బాగా ఎక్కువ. అంటే గొట్టం దాకా పోనక్కర్లేదు, చాలావరకు వేలికే అందుతాయి.

బాబాయి: వాళ్ళకి తెలియదా, రక్తం పడుతుంటే?

అమ్మాయి: తెలుస్తుంది. మొలలనుకుంటారు. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే మొలలే అని మాత్రలిస్తాడు. తగ్గకపోతే ‘పైల్స్, ఫిస్టులాకి కోత లేకుండా వైద్యం’ అన్న బోర్డు కిందికి వెళ్తారు. అక్కడ లేపనం, కారం మానెయ్యమన్న సలహా. ఏడాది గడుస్తుంది. ఒక్కడూ చేతికి గ్లవ్ వేసుకుని వేలు పెట్టి చూడడు. సిగ్గుపడి వీళ్ళు చూడనివ్వరు, మొహమాటపడి వాళ్ళు చూడరు. నా దగ్గరికి ముక్క వచ్చేసరికి పొర దాటి ఎంతో దూరం పోయి ఉంటుంది.

బాబాయి: మొలలూ క్యాన్సరూ ఒకడికే ఉండకూడదని లేదుగా.

అమ్మాయి: అదే చెప్తున్నా. మొలలు కనపడ్డాయని వెతకడం ఆపేస్తారు. కుడివైపు పేగులో వచ్చేవైతే రక్తం కంటికి కనపడనే కనపడదు. కొద్దికొద్దిగా పోతూ మనిషి పాలిపోతాడు. మగవాడికి, ముట్లుడిగిన ఆడవాళ్ళకి ఇనుము తగ్గి రక్తహీనత వచ్చిందంటే ఐరన్ మాత్రలిచ్చి ఊరుకోకూడదు. రక్తం ఎటు పోతోందో వెతకాలి. మలంలో మనిషి రక్తాన్నే పట్టే ఫిట్ పరీక్ష ఉంది, ఇంట్లోనే పుల్లతో కాస్త మలం తీసి ఇస్తే చాలు. చేపలు తిన్నా మాంసం తిన్నా ఫలితం చెడదు. కంటికి రక్తం కనపడని, అనుమానం మాత్రం ఉన్నవాళ్ళకి అది పనికొస్తుంది. కనపడినవాళ్ళు నేరుగా చూపించుకోవాలి.

బాబాయి: ఇది నేను ఒప్పుకుంటాను. గొట్టాలు కాదు, గ్లవులు కావాలి మనకి. కానీ పేరు చెప్పి జనాన్ని బెదరగొట్టకండి. క్యాన్సర్ అన్న మాట వినగానే సగం చచ్చిపోతారు.

అమ్మాయి: నువ్వు ఏ కాలేజీ గురించి పొద్దున లేస్తే మాట్లాడతావో దానికి ఎవరి పేరుంది?

బాబాయి: అక్కినేనిది. రామాపురం ఆయన ఊరు, గుడివాడకి ఎంత దూరమని.

అమ్మాయి: 2013 అక్టోబరులో పత్రికలవాళ్ళని తనే పిలిచి, నాకు క్యాన్సర్ వచ్చిందని తన నోటితోనే చెప్పారు. పేగు క్యాన్సర్ అని పత్రికలు రాశాయి. 2014 జనవరి 22న పోయారు. ఆ మూడు నెలల్లో ఆయన మాట విని ఎవరైనా బెదిరిపోయారా?

బాబాయి: ఆయన తొంభై ఏళ్ళ దగ్గర ఉన్నారు. ఆ వయసులో వచ్చిన జబ్బుని ఎవరాపగలరు? అదే నేననేది, వయసుతో పాటు మ్యుటేషన్లు, మ్యుటేషన్లతో పాటు ఇది.

అమ్మాయి: ఆపడం గురించి కాదు, చెప్పడం గురించి అంటున్నాను. నిమ్మకూరు కోడలు బసవతారకంగారు 1985లో క్యాన్సర్‌తో పోయారు. ఆ పేరుతోనే 2000లో హైదరాబాదులో ఆస్పత్రి లేచింది. గుడివాడ, పామర్రు పక్కన ఈ మాట దాచుకోనక్కర్లేదని రెండు ఇళ్ళవాళ్ళు చూపించారు. మామూలు ఇళ్ళల్లో ఇంకా దాస్తున్నాం. నువ్వు దాచలేదా?

బాబాయి: నేనెవరికి దాచాను?

అమ్మాయి: డాలస్‌లో ఉన్న మీవాడికి చెప్పావా?

(ఆయన వెంటనే జవాబివ్వలేదు. అప్పటిదాకా శాంగర్, నార్డిక్ లెక్కలు చూడకుండా చెప్పిన మనిషి.)

బాబాయి: క్యాన్సర్ కాని దానికి వాణ్ణి కంగారు పెట్టడం దేనికని చెప్పలేదు.

అమ్మాయి: సెంటీమీటరు దాటినదీ విల్లస్ భాగం ఉన్నదీ అయితే అక్కడి డాక్టర్లు దాన్ని ముదిరిన అడినోమా కింద లెక్కేస్తారు. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఒకరికి అలాంటిది ఉంటే పరీక్ష నలభైకే మొదలుపెట్టమంటారు. 45 దాకా ఆగమనరు. వాడికి ఇప్పుడు 43. వాడి డాక్టరు కుటుంబంలో ఎవరికైనా ఉందా అని అడుగుతాడు, వీడు లేదంటాడు. నువ్వు చెప్పనందుకు వాడి ఫారంలో తప్పు పడుతుంది. మా నాన్న సంగతీ అంతే, నీ తోడబుట్టినవాడు. ఆయన నేను చెబితే వినడు, నువ్వు చెబితే వింటాడు.

బాబాయి: మీ నాన్నకి రక్తమేమైనా పడుతోందా?

అమ్మాయి: లేదంటాడు. చుట్ట మానలేదు, షుగర్ ఉంది, పొలానికి వెళ్ళడం మానేసి పొట్ట పెంచాడు. ఈ మూడూ కూడా ఈ జబ్బుకి దోహదం చేసేవే. ముందు ఆయన్ని తీసుకురా, మిగతాది నేను చూస్తాను.

బాబాయి: డాలస్‌లో మావాడికి ఇప్పుడు తెల్లవారుజామై ఉంటుంది. లేచాక మాట్లాడతాను, రిపోర్టు ఫొటో కూడా పంపుతాను. ఆదివారం నాగాయలంక వెళ్ళి అన్నయ్యని బందరు పట్టుకొస్తా. కానీ నా మూడేళ్ళ సంగతి నేనింకా ఒప్పుకోలేదమ్మాయ్.

అమ్మాయి: మూడేళ్ళు ఉందిగా. వాదించు.